పెన్‌డ్రైవ్‌కి బొట్టు

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున పదింటికి తన్మయికి పరీక్ష. పిల్ల కూర్చునే సరికి కంప్యూటర్ నల్లమొహం వేసుకుని కదలనంది.

తల్లి కోమలి పరుగున వచ్చింది. బళ్ళూ పుస్తకాలూ పోయి చాలాకాలమైంది. ఇప్పుడు బడంటే పిల్లల మెడలో నల్లతాడుకు వేలాడే పెన్‌డ్రైవే. ఏ కంప్యూటర్‌కి గుచ్చినా పాఠాలూ, పంతులమ్మ గొంతూ, పిల్ల రాసుకున్నవీ అన్నీ లేచొస్తాయి. పీకేస్తే కంప్యూటర్ మళ్ళీ ఖాళీ డబ్బా.

"ఏం చేశావమ్మా దీన్ని?" అంది తన్మయి, పెన్‌డ్రైవ్ పీకి చూపిస్తూ.

కోమలి బట్టలు కుడుతుంది. మొన్న ఆయుధపూజకు కుట్టుమిషన్‌కీ కత్తెరకీ బొట్టు పెట్టిన చేత్తోనే పెన్‌డ్రైవ్ మూతికీ తడి పసుపు రాసి కుంకుమ అద్దింది. పిల్లకు చదువు బాగా రావాలని!

"దణ్ణం పెట్టుకున్నానే తల్లీ, అంతే," అంటూ కుట్టుమిషన్ దులిపే బ్రష్ తెచ్చింది. సందుల్లో గట్టిపడ్డ పసుపును గీకింది. పదికి ఇంకా ఐదు నిమిషాలే. ఏడేళ్ళ చదువు ఆ బొటనవేలంత ముక్కలో ఉంది. మళ్ళీ గుచ్చింది.

తెర వెలిగింది. "శుభోదయం, తన్మయీ," అంది పంతులమ్మ.

కోమలి కళ్ళు తుడుచుకుంది. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఇది నిజంగానే పోయుంటేనో? ఏదీ, తెర చూడకుండా చెప్పు. ఏడెనిమిదులెంత?"

టేపు పట్టుకుని కోమలి రోజూ నోటితో వేసుకునే లెక్కే అది.

తన్మయి నోరు తెరిచింది. మాట రాలేదు. దాని చెయ్యి మాత్రం ఖాళీ మెడను తడుముకుంటోంది.