అది పెట్టే!

"పెట్ట! ఎన్నిసార్లు జెప్పాలె? అది పెట్టనే!" సారలమ్మ కోడిని మూసిన గంప మీద రెండు చేతులూ ఆనించి అరిచింది.

"నీకు కండ్లున్నయా లేవా? జుట్టు జూడు, అప్పుడే ఎర్రగయింది. మెడమీది ఈకలు జూడు, సూదుల లెక్క మొన దేలినయ్. పెట్టకైతే గుండ్రంగుంటయ్," అన్నాడు ఆమె మొగుడు కాశయ్య. "ఇది పుంజే. నేను బోయి వడ్డెను తోలుకొస్త. గంప లేపకు."

గుడిసెలో నాలుగేళ్ళ పోశి జ్వరంతో మూలుగుతోంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పొద్దున ఒకసారి కళ్ళు తేలేసింది కూడా. ఊరి దేవరకు పూజలు చేసే వడ్డె భీమా వచ్చి, పిల్ల చెయ్యి పట్టి చూసి ఒకే మాట చెప్పాడు. దేవర నల్ల పుంజును అడుగుతోంది. ఒక్క ఈక కూడా వేరే రంగు ఉండకూడదు. దొరికితే పూజ, ఆ తర్వాత మూడు రోజులు పిల్ల పొలిమేర దాటకూడదు. దొరక్కపోతే దేవరకు ఈ పూజ ఇష్టం లేనట్టే, భోపాలపట్నం ఆసుపత్రికి తీసుకుపొండి అన్నాడు.

కాశయ్యకు మాత్రం బిడ్డంటే ప్రాణం కాదా? ఇల్లిల్లూ తిరిగాడు. ఎర్ర పుంజులున్నాయి, పొడల పుంజులున్నాయి, నల్లది లేదు. సారలమ్మకు ప్రాణం లేచొచ్చింది. జీపు వచ్చే వేళయిందని పిల్లను దుప్పట్లో చుడుతుంటే దొడ్లో గంప కింద కోడి గింజుకుంది. నిన్న తర్లగూడ నుంచి ఆమె తమ్ముడు తెచ్చిచ్చింది. బిడ్డ మీది బెంగతో మొగుడూ పెళ్ళాలిద్దరూ దాని సంగతే మరిచిపోయారు. కాశయ్య వెళ్ళి గంపెత్తి చూశాడు. ముక్కు నుంచి తోక దాకా నల్లగా ఉంది.

కాశయ్య వడ్డె కోసం అటు వెళ్ళగానే సారలమ్మ కోడిని బయటికి లాగింది. వదిలేస్తే లాభం లేదు, ఊరంతా తరిమి పట్టుకొస్తారు. ఈలోగా జీపు వెళ్ళిపోతుంది. మళ్ళీ జీపు రేపే. రేపటిదాకా పిల్ల ఉంటుందా?

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. కన్నబిడ్డ ప్రాణానికి ఒక్కటాడితే తప్పా?

పొయ్యిలోంచి మసి తీసి కోడి జుట్టుకు పులిమింది. మెడ మీద మొనదేలిన ఈకలన్నీ పీకింది. తోకలో వంకీ తిరుగుతున్న వాటిని లాగేసింది. కోడి విలవిల్లాడుతూ చేతిని రక్తం వచ్చేలా పొడిచింది.

"ఓర్చుకో నా తల్లీ, ఇయ్యాల్టికి నువ్వు పెట్టవే," అని ఏడుస్తూనే బతిమాలింది.

పీకిన ఈకల్ని పొయ్యిలో పడేసింది. కమురు వాసన గుడిసెంతా కమ్ముకుంది. అప్పుడు తెలిసింది తను చేసిన పొరపాటు. చేటతో విసురుతుండగానే వాకిట్లో అడుగుల చప్పుడైంది.

వడ్డె భీమా గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చాడు. ముఖం చిటపటలాడుతోంది. దారి పొడుగునా అట్లాగే ఉన్నట్టుంది, వెనక కాశయ్య బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. సారలమ్మ చేట కింద పడేసింది. అయిపోయింది, అంతా తెలిసిపోయింది అనుకుంది.

వడ్డె కోడిని అందుకున్నాడు. జుట్టు మీద బొటనవేలితో రుద్దాడు. వేలు నల్లబడింది. దాన్ని పంచెకు తుడుచుకున్నాడు. బోసిగా ఉన్న మెడను వెలుగులోకి తిప్పి చూశాడు. రోడ్డు మీద జీపు హారన్ కొట్టింది.

"పెట్ట," అన్నాడు.

"అట్లెట్లయితది తాతా? పొద్దుగాల జుట్టు ఎర్రగ..."

"ఏంది కాశయ్యా, నల్లవెంట్రుకల నాడు మొదలువెట్టి దేవర ముంగట కోళ్ళు గోస్తున్న. నాకే జెప్తవా? పెట్టను గోస్తే ఊరికే అరిష్టం. దేవర వద్దన్నది. పిల్లనెత్తుకో, ఉరుకు!"

కాశయ్య గుడిసెలోకి దూరాడు. పోశిని భుజాన వేసుకుని రోడ్డు వైపు పరుగెత్తాడు. సారలమ్మ మూట తీసుకుని గుమ్మం దాటబోయి, ఆగలేక వెనక్కి వచ్చి వడ్డె కాళ్ళు పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఆయన చంకలోని కోడి మెడ నిక్కించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి "కొక్కొరో..." అని ఎత్తుకుంది.

వడ్డె చటుక్కున దాని ముక్కు నొక్కి పట్టాడు. కాశయ్య వినలేదు కదా అని రోడ్డు వైపు తొంగి చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి సారలమ్మను కసురుకున్నాడు.

"ఊర్ల నల్ల పుంజు ఒక్కటి గూడ లేదని జూసుకున్నంకనే గదనే నేను నల్లది అడిగింది! ఇదెక్కడ దాపురించిందే నా పానానికి?"