పసుపు టోపీ వెనకాలే

విద్యార్థుల పోటీ మొదలై నాలుగు నిమిషాలైనా మా డెలివరీ డ్రోను అర కిలో పొట్లాన్ని ఎత్తలేదు. బరువు తగ్గాలని స్టిక్కర్లు పీకేశాం, చివరికి కాలేజీ పేరు కూడా గీకేశాం. ఊహూఁ.

ఇరవై ఏళ్లుగా కాలేజీ ఫైళ్లు మోస్తున్న అటెండరు బాబాయి వచ్చి పొట్లం ఊడదీశాడు. డ్రోను రివ్వున లేచింది.

"చూశారా, తేడా పొట్లంలోనే ఉంది," అంటూ దాన్ని చంకలో పెట్టుకుని జడ్జీల దగ్గరికి నడిచాడు.

డ్రోను ఆయన వెంటే వెళ్లింది. వెళ్లక ఏం చేస్తుంది? మూడు నెలలుగా ఆయన పసుపు టోపీని చూపించే కదా దానికి దారి నేర్పాం!

జడ్జీలు పొట్లం చూశారు, డ్రోను చూశారు, గడియారం చూశారు. మొదటి బహుమతి మాకే ఇచ్చారు.

మర్నాడే కాలేజీ ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఇకపై ఫైళ్లన్నీ డ్రోనే చేరవేస్తుంది, అటెండరు ఉద్యోగం రద్దు. చేజేతులా బాబాయి పొట్ట కొట్టాం.

సోమవారం ఆయన అవే ఫైళ్లు చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు. వెనకాల డ్రోను ఖాళీగా ఎగురుతోంది. ఆయన జేబు మీద కొత్త బిళ్ల: డ్రోన్ ఆపరేటర్.

"కొత్త పని ఎలా ఉంది బాబాయ్?"

"పాత పనేరా. కాకపోతే దీనికి చార్జింగ్ అయిపోతే, దీన్ని కూడా నేనే మోయాలి."