బరువున్నవాళ్ళకే దారి

"దిగమ్మే! తలమీద మోపు కనబళ్ళా?"

పద్మనాభయ్య కేకకు క్యాథరిన్ ఆగింది గానీ దిగలేదు. పొలం గట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడిపోయారు. ఒక పక్క నిండుగా పారుతున్న కాలవ. ఇంకో పక్క మొన్ననే నాట్లేసిన ఆయన మడి, మోకాలిలోతు అడుసు. గట్టు చూస్తే ఒక్క మనిషికే చాలీచాలనట్టుంది.

ఆయన తలమీద ఉన్నది తుమ్మకంప. ఆ దారి మూసెయ్యడానికే మోసుకొస్తున్నాడు. క్యాథరిన్ ఒంటిమీద చెప్పుల కంపెనీ నీలం చొక్కా, చేతిలో అన్నం క్యారియర్. గట్టు దాటితే హైవే, అక్కడికే కంపెనీ బస్సు వస్తుంది. ఇంకొక్కసారి బస్సు తప్పితే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజరు నిన్న అందరి ముందూ చెప్పేశాడు.

"అయ్యా, ఈ ఒక్కరోజుకు వదలండి. బస్సొచ్చే టైమయింది."

"దినామూ ఇదే మాట! మీ కంపెనీ ఆడోళ్ళంతా తొక్కీ తొక్కీ నా గెనిమ గట్టు కరిగిపోయింది. రాత్రి గండిపడి కాలవ నీళ్ళు మడిలోకొచ్చినాయి. సగం నారు కొట్టుకపోయింది. ఎవురిస్తారు నాకు? డొంక దారిలో పో."

"డొంకలో నడుంలోతు నీళ్ళుండాయి."

"అయితే మానుకో."

మానుకోమనడానికి నోటికేం బరువు! ఆ ఇంట్లో పనికి పోయేది ఆ పిల్ల ఒక్కతేనని ఆయనకు తెలియదా ఏమిటి? వాళ్ళ నాయన రూఫస్‌ మంచాన పడ్డప్పుడు చూడ్డానికి వెళ్ళినవాళ్ళలో పద్మనాభయ్య కూడా ఉన్నాడు.

"మీరే ఒక్క నిమిషం దిగండయ్యా," అంది క్యాథరిన్.

"నేనా? బరువుతో వచ్చేవాడికి ఒట్టి చేతులోళ్ళు దిగాల. ఈ మాత్రం తెలీదా నీకు?"

తెలియకేం, ఆ ఊరి గట్ల మీద మొదట్నుంచీ ఉన్న పద్ధతే అది. బరువు మోసేవాళ్ళు ఎవరైనా సరే, ఎదురొచ్చినవాళ్ళు మడిలోకి దిగి దారివ్వాలి. ఎరువు గంపతో కూలామె వస్తుంటే పద్మనాభయ్య తనే చెప్పులు చేత్తో పట్టుకుని అడుసులోకి దిగేవాడు. మొండిమనిషే గానీ, ఆ పద్ధతి మాత్రం ఏనాడూ తప్పలేదు.

హైవే మీద హారన్ మోగింది.

"అదిగో బస్సు! అయ్యా, మీకు దణ్ణం పెడతా."

"దణ్ణాలొద్దు. దిగు."

పద్మనాభయ్య ఒక అడుగు ముందుకేశాడు. కంప కొసలు ఆమె మొహం దాకా వచ్చాయి. ఆమె కదల్లేదు. ఆయన ఇంకో అడుగు వేశాడు. ఒక ముల్లు భుజానికి గీసుకుని చొక్కా చిరిగింది.

"తోసేస్తా, ఏమనుకున్నావో!"

"తొయ్యండి."

అంతలోనే గట్టు అంచు పెళ్ళగా విరిగి కాలవలో పడింది. క్యాథరిన్ కాలు జారింది. "అమ్మా!" అని కేకపెట్టి ఎలాగో నిలదొక్కుకుంది. క్యారియర్ మాత్రం జారి కాలవలో పడి కొట్టుకుపోయింది. ఆమె దానివైపు చూడనైనా లేదు. రెండు చేతులతో పొట్ట పట్టుకుని నిలబడింది.

పద్మనాభయ్య ఆ చేతులవంక చూశాడు. ఆయనా పిల్లలు గలవాడే. కోపం ఎటుపోయిందో పోయింది.

"ఎన్నో నెలమ్మే?"

"మూడు."

"పెళ్ళెప్పుడయింది నీకు?"

"ఎండాకాలంలో. సూళ్ళూరుపేటలో చేసుకున్నాం. ఎవురికీ చెప్పలా."

"నాకు ముందే చెప్పి ఏడవచ్చు గదా! ఇంకొంచెముంటే ఎంత పాపం జరిగుండేది!"

అంటూనే ఆయన మోపుతో సహా మడిలోకి దిగిపోయాడు. అడుసు మోకాళ్ళ దాకా వచ్చింది. రాత్రి గండికి మిగిలిన నారు కాస్తా ఆయన కాళ్ళకిందే నలిగిపోయింది. అయినా పట్టించుకోలేదు.

"నీకన్నా బరువెవురికుండాది? పో, నిదానంగా పో. బస్సుకు నేను కేకేస్తాలే."

అన్నట్టే కంపమోపు మడిలో పడేసి, తలగుడ్డ విప్పి గాల్లో ఊపుతూ "ఓయ్ డ్రైవరూ! నిలుపబ్బా! మనిషొస్తా ఉండాది!" అని గొంతు చించుకున్నాడు. కదలబోతున్న బస్సు ఆగింది.

క్యాథరిన్ కళ్ళు తుడుచుకుని ఆయన పక్కనుంచి నడిచింది.

"నీ కానుపయ్యేదాకా ఈ గెనిమ మూయన్లే. బిడ్డ చల్లంగా పుట్టాల," అన్నాడు పద్మనాభయ్య. అంతటితో ఊరుకుంటే ఆయన పద్మనాభయ్య ఎందుకవుతాడు? మళ్ళీ కేకేశాడు. "ఏమ్మే, కడుపుతో ఉండేదాన్ని ఈ బురదలో ఒంటిగా పంపించినాడే, వాడెవుడు నీ మొగుడు? బుద్ధుందా వాడికి? వాడి నాయన యాడుంటాడో చెప్పు. పిల్లోణ్ణి ఇట్టనేనా పెంచేదని నేనే పోయి గడ్డిపెట్టొస్తా!"

క్యాథరిన్ ఆగింది. వెనక్కి తిరిగి ఆయన్ను ఒక్క క్షణం చూసింది.

"యాడికీ పోనక్కర్లా. ఇక్కడే మడిలో నిలబడుండారు. జాగర్తగా పైకెక్కండి, మామయ్యా."