రాజుగారి కవచానికి చిల్లు

"అదిగో చిల్లు!" అంది అత్త.

కోడలి చెవిలో చెప్పాననుకుంది గానీ, ఆ మాట ముందు మూడు వరుసలకీ వినపడింది. తెరమీద రాజుగారు కోటగుమ్మం ముందు గుర్రం ఆపి చెయ్యెత్తాడు. ఎడమ చంక కింద ఇనుప కవచానికి అరచెయ్యంత కన్నం. అందులోంచి లోపలి తెల్లచొక్కా నిక్షేపంగా కనిపిస్తోంది.

అది ఇనుమూ కాదు, పాడూ కాదు. లావుపాటి నూలుతో అల్లి, పైన వెండిరంగు కొట్టిన చొక్కా. శిలువ యుద్ధాల మీద తీసిన ఈ భారీ సినిమాకి అలాంటివి నూట నలభై, ఈ అత్తాకోడళ్లే ఇంట్లో కూచుని అల్లి పంపారు. దూరం నుంచి చూస్తే అచ్చం ఇనుప గొలుసులే. చిల్లు పడితే మాత్రం అచ్చం చిల్లే.

"కుట్టు జారింది. ఎవరి చేతిలోనో వేరే చెప్పాలా?" అంది అత్త.

కోడలు తెరమీది కన్నాన్నే పరీక్షగా చూసింది.

"ముప్పై ఏళ్లుగా అల్లుతున్నాను, నా చేతిలో ఒక్క కుట్టు జారి ఎరగదు. ఈ కన్నం చూశాక ఇంకో సినిమా ఆర్డరు ఇస్తారో ఇవ్వరో! ఇచ్చినా సరే, నువ్వు సూది ముట్టుకోకు. ఓ మూల కూచుని నూలు ఉండలు చుట్టు."

"అత్తయ్యా, ఉండలా?"

"ఉండలే!"

కోడలి కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. సూదులు చేతిలో ఉంటే ఆ పిల్లకి అన్నం కూడా గుర్తుండదు. అలాంటిదాన్ని ఉండలు చుట్టమనడమంటే, వంట బాగా వచ్చినవాళ్లని ఉల్లిపాయలు ఒలవడానికి కూచోబెట్టినట్టే.

"అమ్మా, మీ ఇంటి గొడవ ఇంటికెళ్లి చూసుకోండి. ఇక్కడ యుద్ధం జరుగుతోంది," అన్నాడు వెనక సీటాయన.

ఆయన చరిత్ర మాస్టారు. ఆ సంగతి లైట్లు ఆర్పకముందే చుట్టుపక్కల అందరికీ చెప్పేశాడు. ఆర్పిన దగ్గర్నుంచీ తప్పులు ఏరుతూనే ఉన్నాడు. "ఆ జీను అప్పుడెక్కడిది?" "ఆ కోటకి అన్ని బురుజులా? చోద్యం!" పాప్‌కార్న్ నములుతూ కూడా ఆ నోరు ఆగలేదు.

అత్త మాస్టారి వైపు ఓరగా చూసింది. జీనుల దాకా వెళ్లినవాడికి కన్నం కనపడదా? పదిమందిలో అరిచి చెప్పడా?

ఆ రాజైనా కాస్త ఊరుకోవచ్చుగా! సైన్యాన్ని ఆపాలన్నా ఎడమచెయ్యే ఎత్తుతాడు, దేవుణ్ణి తలుచుకోవాలన్నా ఎడమచెయ్యే. ఎత్తినప్పుడల్లా అత్త సీట్లో ఇంకాస్త కిందికి జారిపోయింది.

మిగతా జనం మాత్రం సినిమాలో మునిగిపోయారు. కోటగోడ కూలితే ఈలలు వేశారు. దాహంతో పడిపోయిన రాజుకి శత్రువైన సుల్తాను తన చేత్తో నీళ్లు తాగిస్తే హాలంతా ఊపిరి బిగబట్టింది. చివర్లో "కోట నువ్వే తీసుకో, మావాళ్లని బతకనివ్వు" అని రాజు తాళంచెవులు అందించేసరికి, ముందు వరుసలో గుబురు మీసాలాయన చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

లైట్లు వెలిగాయి.

"తల దించుకుని పద. ఎవరితోనూ మాట్లాడకు," అంది అత్త.

పోదామంటే దారి ఏదీ? జనం గుమ్మం దగ్గర కిక్కిరిసిపోయారు. అక్కడే నిలబడి మాస్టారు ఉపన్యాసం మొదలెట్టాడు.

"మూడు గంటల సినిమాలో నేను నలభై తప్పులు పట్టాను. అవన్నీ క్షమించేశాను. ఎందుకో చెప్పండి? ఆ రాజు కవచం చూశారా? ఎడమ చంక కింద చిల్లు!"

అత్త కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సిపాయిలందరికీ నిగనిగలాడే కవచాలు. రాజుకి మాత్రం చిరిగింది! మంచివన్నీ వాళ్లకిచ్చి, చిరిగింది తను తొడుక్కున్నాడు. ఒక్క డైలాగు లేకుండా మనిషి మనసు చూపించేశారండీ. అదీ సినిమా అంటే!"

"నేను ఏడ్చిందీ అక్కడే," అంది ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ.

"ఆ చిల్లు పెట్టిన చేతికి దండం పెట్టాలి," అన్నాడు మీసాలాయన, ఇంకా ముక్కు చీదుకుంటూ.

అత్త కోడలి చెయ్యి వదిలేసింది. పైట సర్దుకుంది.

"ఆ చెయ్యి ఇదేనండీ," అంది కుడిచెయ్యి ముందుకి చాపి.

కోడలు నోరు తెరిచింది. "అత్తయ్యా, అది మీరు అల్లిందా?"

"మరి నువ్వు అల్లావా? అలా చూసి చూసి చిల్లు పెట్టాలంటే ఎంత పనితనం ఉండాలి!"

"అయితే నేను ఉండలు చుట్టక్కర్లేదుగా?"

మాస్టారు, మీసాలాయన, ఏడ్చిన ఆవిడ, అందరూ అత్త వైపే చూస్తున్నారు.

"నిన్ను ఉండలు చుట్టమన్నదెవరే పిచ్చిదానా! బంగారంలాంటి చెయ్యి నీది. వచ్చే ఆర్డరులో సగం నీదే."

మీసాలాయన నిజంగానే దండం పెట్టాడు. మాస్టారు ఫోటో దిగుదామన్నాడు. అత్త మొహం వెలిగిపోతోంది. కోడలు మెల్లిగా పక్కకొచ్చి మొగుడికి ఫోన్ చేసింది.

"సినిమా ఎలా ఉంది?" అన్నాడతను.

"బ్రహ్మాండం! వచ్చే ఆర్డరులో సగం నాదే. అన్నట్టు, మీ అమ్మ కళ్లజోడు పగిలిన వారంలో, వద్దన్నా వినకుండా ఒకటి అల్లారు చూడండి, మనం పెట్టెలో సర్దుతూ చిల్లు చూసి నోరు మూసుకున్నామే. దాన్నే రాజుకి తొడిగారు!"

"అయ్యో! నీదేనని కొంపదీసి నిన్ను తిట్టిందా?"

"తిట్టారు. తర్వాత అందరి ముందూ అది తనదేనని ఆవిడే ఒప్పుకున్నారు."

"మా అమ్మా? నిజం ఒప్పుకుందా?"

ఫోటోకి చెయ్యెత్తి నిలబడ్డ అత్తని చూసి కోడలు నవ్వాపుకుంది.

"ఒప్పుకున్నారండీ. పాపం, తను చెబుతున్నది అబద్ధమనే ఆవిడ అనుకుంటున్నారు."