గేటు దగ్గర అన్నం

పొద్దున్నే గేటు తీయబోయిన షిజుయె అక్కడే కూలబడింది.

గేటు స్తంభం మొదట్లో చిన్న గిన్నె. గిన్నెలో అన్నం. అన్నంలో నిటారుగా గుచ్చిన, జపాన్ వాళ్లు తినడానికి వాడే రెండు పుల్లలు.

"అలా గుచ్చకే! చచ్చినవాళ్లకు పెట్టే అన్నమది" అని చిన్నప్పుడు అమ్మ చేతిమీద ఒక్కటేసింది. చంకబిడ్డగా ఓడెక్కి బ్రెజిల్ వచ్చిన షిజుయెకు జపాన్ గురించి తెలిసింది అలాంటి దెబ్బలే.

"ఏమండీ, మీకే పెట్టారు!"

భర్త టొకుజి ముఖం పాలిపోయింది. యుద్ధంలో జపాన్ ఓడిపోయిందని సంతలో నోరుజారాడు. ఆ మాట అన్నవాళ్లను ఇళ్లకొచ్చి కాల్చేస్తున్నారు. కాల్చేదీ ఓటమిని నమ్మని ఇక్కడి జపాన్ వాళ్లే.

"అన్నమేగా, కోళ్లకు వేసెయ్" అంది ఇక్కడే పుట్టిన కూతురు లూజియా.

"నోర్ముయ్! నీకేం తెలుసే?"

పాపం, దానికెలా తెలుస్తుంది? యుద్ధకాలంలో జపాన్ మాట బయటికి వినబడితే పోలీసులు పట్టుకుపోయేవారు. ఆ భయంతో పిల్లకు ఈ దేశపు భాష పోర్చుగీసు తప్ప ఏమీ నేర్పలేదు.

మర్నాడు ముగ్గురూ కిటికీ సందులోంచి చూశారు. ఎవరో ముసలాయన. గిన్నె పెట్టి, నడుం వంచి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

"దణ్ణమెందుకు నాన్నా?"

"చంపేముందు పెడతారేమో" అన్నాడు టొకుజి.

ఆ రోజే వెళ్లి పోలీసులకు చెప్పాడు.

తెల్లారి ముసలాయన వంగగానే పోలీసులు మీదపడ్డారు. జేబులు దులిపితే తుపాకీ లేదు, కత్తీ లేదు. అన్నం మెతుకులు రాలాయి.

ముసలాయన ఇంటివైపు తిరిగి జపాన్ భాషలో ఏదో అరిచాడు.

"మన భాషలో మాట్లాడరా!" పోలీసు చెంప పగలగొట్టాడు. లారీలోకి తోశాడు.

"అమ్మా, ఏడుస్తున్నాడే! ఏమంటున్నాడు?"

తలుపు చాటున నిలబడ్డ షిజుయె చెప్పుల్లేకుండా లారీ వెంట పరిగెత్తింది.

ఎర్రదుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

తిరిగొచ్చి గేటు దగ్గర మోకాళ్లమీద కూర్చుంది. ఒరిగిపోయిన గిన్నెను నిలబెట్టి, పుల్లలు మళ్లీ గుచ్చింది.

"ఏమన్నాడే?" అన్నాడు టొకుజి. లోపలి గదిలో ఉన్న అతనికి ఆ అరుపు సరిగ్గా వినబడలేదు.

షిజుయె కూతురికి కూడా అర్థమవ్వాలని పోర్చుగీసులో చెప్పింది.

"మీకంటే ముందు ఈ చెలక నాదేనమ్మా, జ్వరమొచ్చి పోయిన నా చిట్టితల్లి మిత్సు ఆ స్తంభం కిందే ఉంది, తెలిస్తే మీరు భయపడతారని చెప్పలేదు, రేపట్నుంచి దానికి మీరే కాస్త అన్నం పెట్టండి... అన్నాడు."