మేనమామ ఒడి

దేవకమ్మ పులిహోర కలుపుతోంది. కలుపుతున్నట్టు లేదు, అన్నంతో కొట్లాడుతున్నట్టుంది. వెడల్పాటి పళ్లెంలో అన్నం, దాని మీద పొగలు కక్కే చింతపండు పులుసు. చెయ్యి కాలుతున్నా ఆపడం లేదు.

"పొద్దు పొడవక ముందే బండి తెస్తానన్నాడు. ఇప్పుడు పొద్దు యాడుండాదో సూడయ్యా," అంది.

మొగుడు మునిరామయ్య తలెత్తలేదు. వసారాలో జంపఖానా పరిచి మూట కడుతున్నాడు. పంచెలు, చీరలు, రాగిచెంబు, కొబ్బరికాయలు. యుద్ధం రోజులు. కొండ మీద ఏది దొరుకుతుందో, ఏది దొరకదో అని దేవకమ్మ అగ్గిపెట్టె, ఉప్పు పొట్లం కూడా పెట్టించింది.

"వస్తాడులే. పాకాలలో రైలు మధ్యాన్నానికి గదా."

"నువ్వు వాని పక్కేనా? బావా బామ్మర్దీ ఒక్కటే!"

కొడుకు శీనడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. తిరుమల కొండకు మొక్కు. మేనమామ ఒడిలో కూర్చోబెడితే తప్ప మంగలి కత్తి తాకించడు. శీనడికి ఉన్నది ఒక్కడే మేనమామ, దేవకమ్మ తమ్ముడు వెంకటముని.

మొదటి ఏడు, చెనిక్కాయలు పీకుతున్నానన్నాడు వెంకటముని. ఈ ఏడు ఉగాదికి పోదామంటే, ఎద్దుకు గాలికుంటు వచ్చిందన్నాడు. వచ్చే వారానికి శీనడికి మూడేళ్లు నిండుతాయి. నిండితే మళ్లీ అయిదో ఏడు వచ్చేదాకా తీయకూడదు.

ఇప్పటికే జుట్టు భుజాలు దాటింది. జడ వేస్తే చూసినవాళ్లు ఆడపిల్ల అనుకుంటారు. ఎండలకు జుట్టు కింద సెగ్గడ్డలు లేచాయి. దువ్వెన చూస్తేనే బిడ్డ గుక్కపెడతాడు. ఇంకో ఏడాది ఆ బాధ ఎవరు చూస్తారు?

పక్కింటి సుబ్బులమ్మ కర్పూరం బిళ్ల పట్టుకుని వచ్చింది.

"అక్కా, నా పేరు చెప్పి స్వామికాడ దీన్ని ఎలిగించు. కొండకు ఇప్పుడు బస్సు పోతాదంట గదా, నడిచే పని లేదంట?"

"కొండకు బస్సుండాది తల్లీ. మా ఇంటికి బండి రావొద్దా?"

"ఏమి, మీ తమ్ముడు ఇంకా రాలా? మళ్లీ ఎద్దుకేమన్నా వచ్చిందేమో!"

"ఈ తూరి ఎద్దుకు కాదు, వానికే వచ్చింటాది!"

సుబ్బులమ్మ పడి పడి నవ్వింది. పులిహోర పళ్లెం పక్కన విడిగా కట్టిన చిన్న గుడ్డమూట ఆమె కంట్లో పడింది.

"ఇదేందక్కా?"

"నిప్పట్లు. బెల్లమేసి చేసినా. అయి లేకుంటే మా తమ్ముడు దొర కొండెక్కడు," అంది దేవకమ్మ. ఆ మూటకు ఇంకో ముడి బిగించింది.

"పోయొస్తానక్కా," అని సుబ్బులమ్మ వెళ్లిపోయింది.

కాసేపటికి వాకిట్లో ఎవరో నిలబడ్డారు. దేవకమ్మ చెయ్యి కడుక్కోకుండానే పరుగున వచ్చింది. తమ్ముడు కాదు. తమ్ముడి సేద్యగాడు కుప్పయ్య. చేతిలో కట్టె. మోకాళ్ల దాకా దుమ్ము.

"బండి యాడ?"

"రాలేదమ్మా."

"వాడు యాడ?"

కుప్పయ్య కట్టె మీదికి వంగాడు. "ఇంట్లోనే ఉండాడమ్మా."

"ఇంట్లోనా! నేను ఈడ తెల్లారుజామున లేచి పొయ్యికాడ సస్తావుంటే, వాడు పండుకోనుండాడా?"

"ఔనమ్మా."

దేవకమ్మ అందుకుంది. ఇంక ఒక్కటే ధాటి. చిన్నప్పుడు వాడిని చంకన మోసిన సంగతి, అమ్మ పోయినప్పుడు వాడికి ముద్దలు కలిపి పెట్టిన సంగతి, అన్నీ తిట్లలో కలిసి వచ్చాయి.

మునిరామయ్య మధ్యలో లేచి వచ్చాడు. "ఉండవే. అంత దూరం నడిచొచ్చినాడు. రా కుప్పయ్యా, ఇట్లా కూర్చో. మంచినీళ్లు తాగు."

"వద్దన్నా." కుప్పయ్య గడప దగ్గరికి కూడా రాలేదు. "నువ్వే ఒక తూరి ఇట్లా రాన్నా."

"సూసినావా?" దేవకమ్మ అరిచింది. "నా ఇంట్లో నీళ్లు గూడా ముట్టొద్దని నేర్పి పంపినాడు! ఏమి చెప్పేదున్నా నా ముందరే చెప్పు!"

మగవాళ్లిద్దరూ గడ్డివామి పక్కకు వెళ్లారు. కుప్పయ్య రెండు మాటలు చెప్పాడు. అంతే.

మునిరామయ్య తిరిగి వచ్చి మూట ముందు కూలబడ్డాడు. బిగించిన ముడి విప్పడం మొదలుపెట్టాడు. రాగిచెంబు తీసి పక్కన పెట్టాడు. కొబ్బరికాయలు తీశాడు.

"ఏమయ్యా, ఇప్పుతుండావే? మళ్లీ ఆపమన్నాడా? ఈ తూరి ఏం సాకు?"

మునిరామయ్య ఆమె వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. నిప్పట్ల మూట మీద కళ్లు పడ్డాయి. మళ్లీ జంపఖానా మీదికి వంగాడు.

"నీకు చెప్పే ధైర్యం లేదు. నాకుండాది!" దేవకమ్మ వాకిట్లోకి దూసుకెళ్లింది. చింతపండు అంటిన చెయ్యి కుప్పయ్య ముఖం ముందు ఆడించింది.

"పోయి చెప్పు వానికి. ఇంక నాకు తమ్ముడు లేడు. నా బిడ్డకు మేనమామ లేడు. నేనన్న మాట అన్నట్టే చెప్పు!"

కుప్పయ్య మొదటిసారి తలెత్తి ఆమె ముఖం చూశాడు.

కూర్చోకుండా, మంచినీళ్లు ముట్టకుండా, చావుకబురు తెచ్చినవాడు ఏ ఇంటి నుంచైనా వెళ్లినట్టే, పోయొస్తానన్న మాట కూడా అనకుండా అతను వాకిలి దాటి వెళ్లిపోయాడు.