బిళ్ళ మాట

రైలు వంతెనని వరద ఊడ్చుకుపోయిన ఏడాది. అణువిద్యుత్ కేంద్రంలో పైపు పగిలి నాలుగు నెలలైంది. అందులోంచి కారిన రేడియేషన్ నీళ్ళు ఎత్తిపోసిన తమ్ముడు పోయి నెలయింది.

సేఫ్టీ ఆఫీసరు బల్ల ముందు ముసలాయన, పోయిన తమ్ముడి భార్య అయిన ఆయన మరదలు నిలబడి ఉన్నారు. ముసలాయన కూడా అక్కడే గచ్చు కడిగే పనివాడు.

ఆఫీసరు తమ్ముడి బిళ్ళ తీసి బల్ల మీద పడేశాడు. లోపల పనిచేసే ప్రతివాడికీ చొక్కాకి తగిలించుకోమని ఇచ్చే బిళ్ళ అది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో పట్టి చూపిస్తుంది.

"సున్నా," అన్నాడు. "మీవాడు తాగి పోయుంటాడు. బిళ్ళ అబద్ధం చెప్పదమ్మా."

"ఆయన టీ కూడా తాగేవాడు కాదండీ," అంది మరదలు.

ముసలాయనకి అసలు సంగతి తెలుసు. లోపలికి పంపేముందు అందరి బిళ్ళలూ రేడియేషన్ చొరబడని సీసం పెట్టెలో పెట్టించేది ఈ ఆఫీసరే. అంకె పెరిగితే మనిషిని ఇంటికి పంపాలి, పని ఆగుతుంది. ఆ సంగతి బయటపెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆఫీసరు సొంత బిళ్ళ మాత్రం ఆయన గదిలోనే మేకుకి వేలాడేది. ఆయన పైపుల గదిలో అడుగుపెట్టిన పాపాన పోలేదు.

బయటికొచ్చాక ముసలాయన అన్నాడు: "బిళ్ళ అబద్ధమని వాడి చేత్తోనే రాయిస్తా."

"మీరూ ఆ పైపుల గదే కదా కడుగుతున్నారు. మానెయ్యండి బావగారూ."

"ఆర్నెల్లాగు."

ఆరు నెలలకి బిళ్ళల లెక్క తీశారు. పనివాళ్ళందరికీ సున్నా. ఆఫీసరు అంకె లిమిటు దాటి ఎక్కడికో పోయింది.

కేంద్రం డాక్టరు ఆ లెక్క కాగితం రెండుసార్లు చదివాడు. "ఇంత తగిలినవాడు రెండేళ్ళు బతికితే గొప్ప."

"నేను కుర్చీలోంచి లేవలేదయ్యా. బిళ్ళదే తప్పు."

"బిళ్ళ అబద్ధం చెప్పదని తమరే అంటారు కదండీ."

ఆఫీసరు పరుగున వెళ్ళి నెత్తురు ఇచ్చొచ్చాడు. రక్తపరీక్షలో ఏమీ తేలలేదు. అయినా రూలు రూలే. లిమిటు దాటినవాడు ఇక గేటు లోపలికి రాకూడదు. ఉద్యోగం నిలుపుకోవడానికి, పైపు పగిలిన సంగతి చూస్తున్న విచారణ కమిటీకి అర్జీ రాశాడు. బిళ్ళ ఎక్కడుంటే ఆ చోటి లెక్కే చెబుతుందనీ, దాన్ని నమ్మి ఎవరి సంగతీ తేల్చకూడదనీ. కింద సంతకం, ముద్ర.

కమిటీ పెద్ద ఆ కాగితం పక్కనే, మొగుడి చావు మీద మరదలు పెట్టుకున్న అర్జీ పెట్టాడు.

"మరి ఈవిడ భర్త నీళ్ళు ఎత్తిపోసిన రోజు అతని బిళ్ళ ఏ చోట ఉంది?"

ఆఫీసరు తన అర్జీ అందుకోబోయాడు. వెనక బెంచీల్లోంచి పనివాళ్ళు ఒక్కొక్కరే లేచి సీసం పెట్టె సంగతి చెప్పారు. సాయంత్రానికి ఆయన్ని పోలీసు జీపు ఎక్కించారు. అది మలుపు తిరిగేదాకా ముసలాయన రెప్ప వెయ్యలేదు.

మర్నాడు పొద్దున ముసలాయన డాక్టరు దగ్గరికి వెళ్ళి, చొక్కా విప్పి, ఆరు నెలలు రోజూ మేకు మీంచి ఆఫీసరు బిళ్ళని తెచ్చి లోపల తగిలించుకుని పైపుల గది కడిగిన బనీను చూపించి, "ఆ రెండేళ్ళలో నాకింకెంత మిగిలింది బాబూ?" అని అడిగాడు.